కొండ వెన్ను మీది పెట్టె: 6 మీటర్లే అని చూపించింది, గంటన్నర వెతికినా దొరకలేదు

కాలిబాట | ఆదివారం, రాత్రి 9:12

నిన్న ఆ రాతి కొండ వెన్ను మీది పెట్టె కోసం వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. జియోక్యాషింగ్‌లో, అంటే ఎవరో దాచి నిరూపకాలు (అక్షాంశ రేఖాంశాల అంకెలు) ఇచ్చిన పెట్టెలను జీపీఎస్ సాయంతో వెతికే ఈ ఆటలో, ఇప్పటిదాకా నలభై మూడు పెట్టెలు తీశాను కానీ అవన్నీ పార్కుల్లోనో, చెరువు గట్ల మీదో, వంతెనల దగ్గరో దొరికినవి. అడవిలో, అదీ బండల మధ్య, ఇంత పైకి వెళ్లడం ఇదే మొదటిసారి. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడ పొరబడ్డానో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇంటర్నెట్‌లో ఆ పెట్టె పేజీలో డిఫికల్టీ (వెతకడం ఎంత కష్టమో) 2, టెర్రైన్ (దారి ఎంత కష్టమో) 4 అని ఉంది, రెండూ 5కు. పరిమాణం రెగ్యులర్. పాత సైనిక తూటాల పెట్టె అని వివరణలో రాశారు. అంత పెద్ద ఇనప పెట్టె కంటపడకుండా ఎక్కడికి పోతుందన్న ధీమాతో బయలుదేరాను. అడవి అంచు నుంచి పెట్టెకు సరళరేఖలో 1.9 కిలోమీటర్లు. మొదటి కిలోమీటరు చక్కని బాట. ఆ తర్వాత బాట ఎడమకు తిరిగింది, ఫోనులో బాణం మాత్రం నేరుగా పైకి చూపించింది. నేను బాణాన్నే నమ్మాను. తుప్పల్లోంచి దూరుతూ, వదులు రాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కాను. ఆ చివరి తొమ్మిది వందల మీటర్లకు దాదాపు రెండు గంటలు పట్టింది.

చివరికి నిటారుగా లేచిన ఒక పెద్ద రాతి గోడ అడుగుకు చేరాను. ఫోను 6 మీటర్లు అంది. కాసేపటికి 4 అంది, తర్వాత 19, మళ్లీ 6. గోడ మొదట్లో ఉన్న ప్రతి నెర్రెలో, ప్రతి వేరు సందులో, ప్రతి రాళ్ల కుప్ప వెనక వెతికాను. గంటన్నర గడిచింది. పేజీలో ఇచ్చిన సూచన చదవలేదు. చదవకుండానే తీయాలన్నది మొదటి నుంచీ నా నియమం. పొద్దు వాలుతుంటే దిగడం మొదలుపెట్టాను. దిగేటప్పుడు కాలి కింద రాయి కదిలి మోకాలు చెక్కుకుపోయింది.

పెట్టె అసలు అక్కడ ఉందా? "దొరకలేదు" అని నమోదు చేయాలా, లేక మళ్లీ వెళ్లి చూసేదాకా ఆగాలా?

నిదానం | ఆదివారం, రాత్రి 9:40

నమోదు చేయండి, ఈ రాత్రికే చేయండి. పెట్టె యజమాని ప్రతి వారం కొండ ఎక్కి చూడలేరు. వెళ్లినవాళ్లు రాసే మాటే ఆయనకు అందే కబురు. వరసగా నలుగురు "దొరకలేదు" అంటే వెళ్లి చూసుకుంటారు. ఒక్కరూ రాయకపోతే లేని పెట్టె కోసం ఇంకో పది మంది మోకాళ్లు చెక్కుకుంటారు. దొరకనివి రాయకుండా దొరికినవే రాసే అలవాటు ఈ మధ్య పెరిగింది. నాకది బాధగా ఉంది.

గాయం శుభ్రం చేసుకున్నారా?

కాలిబాట | ఆదివారం, రాత్రి 9:52

చేసుకున్నానండీ, పైపైన గీరుకుంది అంతే. ఇప్పుడే నమోదు కూడా చేశాను.

ఉపగ్రహం24 | ఆదివారం, రాత్రి 10:25

4, 19, 6 అని గెంతడానికి కారణం ఆ గోడే. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి సంకేతం చేరడానికి ఎంత సమయం పట్టిందో లెక్కగట్టి ఫోను దూరాన్ని తేలుస్తుంది. మీరు గోడను ఆనుకుని నిలబడగానే సగం ఆకాశం మూసుకుపోయింది. మిగిలిన సగంలోని ఉపగ్రహాలన్నీ ఒకే వైపున ఉంటాయి కాబట్టి లెక్క బలహీనపడుతుంది. దానికి తోడు కొన్ని సంకేతాలు నేరుగా రాకుండా రాతికి తగిలి, తిరిగి మీ ఫోనుకు వస్తాయి. చుట్టుదారిన వచ్చిన సంకేతం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని ఫోను దూరంగా పొరబడుతుంది. తడి ఆకులు దట్టంగా ఉంటే సంకేతం ఇంకా నీరసిస్తుంది.

ఇలాంటి చోట నేను చేసేది చెబుతాను. గోడ నుంచి ముప్పై నలభై మీటర్లు వెనక్కి, ఆకాశం బాగా కనిపించే చోటికి వస్తాను. ఫోనును రెండు నిమిషాలు కదల్చకుండా ఉంచి, పెట్టె ఏ దిక్కున ఎంత దూరమో రాసుకుంటాను. ఇంకో వైపుకు నడిచి మళ్లీ అదే పని. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ వెతకడం మొదలుపెడతాను. నిలబడి ఉన్నప్పుడు బాణాన్ని నమ్మవద్దు. నడుస్తున్నప్పుడు జీపీఎస్‌కు మీరు వెళ్లే దిక్కు తెలుస్తుంది, ఆగితే ఫోను లోపలి దిక్సూచి మీద ఆధారపడాలి. ఫోను తొడుగుకు అయస్కాంతం ఉంటే ఆ దిక్సూచి కూడా తప్పు చూపిస్తుంది.

ఇంకో మాట. మీ ఫోను తేడా 5 మీటర్లు అనుకుందాం. పెట్టె పెట్టిన రోజు యజమాని పరికరం తేడా కూడా 5 మీటర్లు అనుకుందాం. రెండూ ఎదురెదురుగా పడితే మీరు 10 మీటర్ల దూరంలో వెతుకుతున్నట్టు.

రాతిపువ్వు | ఆదివారం, రాత్రి 10:41

కాలిబాట గారూ, గోడ అడుగున వెతికేటప్పుడు రాళ్లు కదిపారా?

ఎత్తురేఖ | ఆదివారం, రాత్రి 11:03

ఉపగ్రహం24 గారి లెక్క సరైనదే కానీ ఇక్కడ అసలు సంగతి అది కాదేమో అని నా అనుమానం. మీరు నడిచిన దారి ఫోనులో నమోదై ఉంటే ఒక్కటి చూసి చెప్పండి. గోడ అడుగున మీ ఎత్తు ఎంత?

కాలిబాట | సోమవారం, ఉదయం 6:30

ఎత్తురేఖ గారూ, 640 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంది.

రాతిపువ్వు గారూ, కదిపాను. చేతికి లేచిన చిన్న రాళ్లను ఎత్తి చూశాను. చాలావాటిని తిరిగి పెట్టాను. అన్నీ పెట్టానని చెప్పలేను.

ఎత్తురేఖ | సోమవారం, ఉదయం 7:15

నేను అనుకున్నదే అయింది. పటం తెరిచి ఆ చోటును దగ్గరగా చూడండి. ఎత్తురేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య తేడా 10 మీటర్లు. మామూలు వాలులో గీతలు విడివిడిగా ఉంటాయి. మీరు నిలబడ్డ చోట 640, 650, 660, 670 గీతలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే మందపాటి గీతలా ఉన్నాయి. అంటే అది నిట్టనిలువు చరియ. పెట్టె నిరూపకాలు సరిగ్గా ఆ మందపాటి గీత మీదే ఉన్నాయి.

యాప్ చూపించేది అడ్డంగా ఉండే దూరాన్ని. నిలువు దూరం దానికి పట్టదు. మీరు పెట్టెకు 6 మీటర్ల దూరంలోనే ఉన్నారు, కాకపోతే దానికి ముప్పై మీటర్ల కింద ఉన్నారు. గంటన్నర మీ తలపైనే ఉంది ఆ పెట్టె.

పేజీలో పెట్టె ఎత్తు ఉండదు, ఉన్నా జీపీఎస్ ఎత్తును గట్టిగా నమ్మలేం. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు. అందుకే ఎత్తులో తప్పు అడ్డంగా వచ్చే తప్పు కంటే సాధారణంగా ఎక్కువే. చరియ ఉన్న చోట బయలుదేరే ముందే పటం మీద నిర్ణయించుకోవాలి, పైనా కిందా అని.

ఇక దారి. మీరు వదిలేసిన బాట ఉంది చూశారా, ఎడమకు తిరిగిన బాట, అదే అసలు దారి. అది కొండ పక్కగా చుట్టి రెండు శిఖరాల మధ్య కనుమకు చేరుతుంది, పటంలో 610 దగ్గర. కనుమ నుంచి వెన్ను మీదుగా వెనక్కి నడిస్తే వాలు చాలా మెత్తన. నడక మొత్తం 3.4 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 330 మీటర్లు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటి ఉంది: గంటకు 5 కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక గంట. దాని ప్రకారం నడకకు 41 నిమిషాలు, ఎత్తుకు 33, వెరసి గంటా పావు. ఆయన లెక్క మంచి బాట మీద, గట్టి కాళ్లకు. రాళ్ల మీద కాబట్టి ఇంకో సగం కలుపుకోండి, రెండు గంటలు అనుకోండి. మీరు పొట్టి దారిలో పడ్డ శ్రమ కంటే ఇది తక్కువే.

కాలిబాట | సోమవారం, ఉదయం 7:31

పటం చూస్తూ కూర్చున్నాను. గీతలు కలిసిపోవడం ఇప్పుడు కనిపిస్తోంది. ఆ రోజు కూడా ఈ పటం నా దగ్గర ఉంది, తెరవలేదు.

పాతసంచి | సోమవారం, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, ఈ పొరపాటు చేయని పాతవాళ్లు ఎవరూ ఉండరు. నేనైతే ఒకసారి లోయకు అవతలి గట్టున ఉన్న పెట్టె కోసం ఇవతలి గట్టు మీద పూట గడిపాను. అడ్డంగా 40 మీటర్లు, మధ్యలో పెద్ద లోయ.

ఈ ఆట ఎలా పుట్టిందో తలుచుకుంటే బాణం మీద మనకింత నమ్మకం ఎందుకో తెలుస్తుంది. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతంలో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. అంతకు ముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆపేసిన ఆ రాత్రి నుంచే పరికరాలు దాదాపు పది రెట్లు సరిగ్గా చూపించసాగాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, నిరూపకాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. మూడు రోజుల్లో ఇద్దరు వెళ్లి తీశారు. మైక్ టీగ్ మొదటివాడు. అదే నెల చివర్లో జియోక్యాషింగ్ అన్న పేరు వచ్చింది.

ఆ బకెట్ దొరికింది యంత్రం మెరుగుపడ్డందువల్లే, కాదనను. కానీ యంత్రం మనల్ని పేటలోకి తీసుకొస్తుంది, ఇల్లు మనమే పోల్చుకోవాలి. చివరి పది మీటర్లలో నేను ఫోను జేబులో పెట్టేస్తాను. ఒక చోట నిలబడి, నేనే ఈ పెట్టెను దాచవలసి వస్తే ఎక్కడ దాచేవాణ్ని అని నెమ్మదిగా చుట్టూ చూస్తాను. అడవిలో రాళ్లు వరసగా పేర్చుకుని ఉండవు. ఒకే కొలత రాళ్లు మూడు పక్కపక్కన కనిపించినా, పచ్చి పొద పక్కన ఎండు కొమ్మలు ఒకే దిక్కుకు పడి ఉన్నా, అది మనిషి చేసిన పని. కంటికి ఆ అలవాటు రావడానికి కాలం పడుతుంది, వచ్చాక పోదు.

రాతిపువ్వు | సోమవారం, సాయంత్రం 6:05

కదిపిన సంగతి దాచకుండా చెప్పినందుకు కాలిబాట గారి మీద గౌరవం పెరిగింది. అయినా ఈ విషయం చెప్పక తప్పదు.

ఆ కొండ వెన్ను మీదా, గోడ మీదా పసుపుపచ్చ మచ్చలు, వాటి చుట్టూ నల్లని అంచులు చూసే ఉంటారు. దేశపటంలా కనిపిస్తాయి. అది లైకెన్, శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. అది ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ మచ్చ వెడల్పు కొలిచి, రాయి ఎన్నేళ్లుగా గాలికి బయటపడి ఉందో శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు. అరచేయంత మచ్చ ఉన్న రాయిని తిరగేస్తే కొన్ని వందల ఏళ్లు మట్టిలో పడ్డట్టే. రాయి కింద తడి నీడలో బతికే పురుగులు, తేళ్లు, కప్పలు ఎండకు బయటపడతాయి. రాయిని తిరిగి పెట్టేటప్పుడు సరిగ్గా పడకపోతే నలిగిపోతాయి.

సూచన చదవను అన్న నియమం గురించి కూడా ఒక మాట. పార్కులో అది మీ సొంత సరదా. కొండ మీద మీరు సూచన చదవని గంటన్నర ఖర్చు పడింది ఆ గోడ అడుగు మీద. మీలాంటి మంచివాళ్లు ఏడాదికి ముప్పై మంది వచ్చి వెతికినా, అక్కడ నాచు మిగలదు. అసలు ఈ పెట్టెను వెన్ను మీద నుంచి తీసి బాట పక్కకు మార్చమని యజమానిని అడగాలని నాకుంది.

నిదానం | సోమవారం, సాయంత్రం 6:50

మార్చడం వరకూ అక్కర్లేదేమో రాతిపువ్వు గారూ. ఆ వెన్ను చూడాలనే కదా జనం వెళ్తారు. పెట్టె లేకపోయినా వెళ్తారు.

రాతిపువ్వు | సోమవారం, సాయంత్రం 7:08

వెళ్తారు, నడిచి చూసి వస్తారు. పెట్టె లేనప్పుడు ఎవరూ రాళ్ల కింద చేతులు పెట్టరు. నా బాధ నడిచేవాళ్ల గురించి కాదు.

పాతసంచి | సోమవారం, రాత్రి 8:15

ఆవిడ మాటలో నిజం ఉంది. మేము మొదలుపెట్టిన రోజుల్లో పెట్టె చుట్టూ పిచ్చిబాటలు పడటం నేను కళ్లారా చూశాను. పెట్టెకు పది మీటర్ల చుట్టూ గడ్డి నలిగి గుండ్రంగా నేల కనిపించేది. పెట్టెను నేలలో పాతకూడదన్న నియమం అందుకే వచ్చింది, లేకపోతే జనం తవ్వుతారు. రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది కూడా ఒకే చోటు మీద పడే ఒత్తిడిని తగ్గిస్తుంది. ఇంతకీ యజమాని ఏమంటారో విందాం. ఆయన ఈ వేదికలో సభ్యులే.

ఇద్దరుపిల్లలఅమ్మ | మంగళవారం, ఉదయం 10:10

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పిల్లలకు ఎనిమిది, పదకొండేళ్లు. ఇద్దరికీ ఈ ఆట ప్రాణం. కనుమ దారి సులువంటున్నారు కదా, తీసుకెళ్లవచ్చా? వాళ్లు పెట్టెలో ఏమైనా పెట్టాలని ఉబలాటపడుతున్నారు.

ఎత్తురేఖ | మంగళవారం, ఉదయం 10:48

కనుమ దాకా తీసుకెళ్లండి, అక్కడి నుంచే రెండు వైపులా లోయలు కనిపిస్తాయి. వెన్ను మీదికి ఈసారికి వద్దు. టెర్రైన్ 1 అంటే చక్రాల కుర్చీలో వెళ్లగలిగేది, 5 అంటే తాళ్లో పడవో కావలసినది. 4 అంటే 5కు ఒక మెట్టు కిందే. వాలు మెత్తనే అన్నాను కానీ ఒక పక్కన ముప్పై మీటర్ల చరియ ఉంది. పెట్టె కనిపించగానే పిల్లలు పరుగెత్తుతారు.

నిదానం | మంగళవారం, ఉదయం 11:02

పెట్టెలో పెట్టేందుకు గోళీలు, చిన్న బొమ్మలు, పెన్సిళ్లు మంచివి. తినేవి మాత్రం వద్దు. చాక్లెట్టు చుట్టినా సరే, అడవి జంతువు వాసన పట్టి పెట్టెను పళ్లతో చీలుస్తుంది. సబ్బు, అత్తరు వాసన ఉన్నవీ అంతే. ఒకటి తీసుకుంటే అంతకు తగ్గని విలువది పెట్టాలి. ఈ రెండు మాటలు పిల్లలకు చెబితే పెద్దల కంటే బాగా పాటిస్తారు.

రాతిమెట్టు | మంగళవారం, రాత్రి 9:30

ఆ పెట్టె నాదే. పని మీద ఊరు వెళ్లడం వల్ల ఇప్పుడే చర్చ అంతా చదివాను.

కాలిబాట గారూ, పెట్టె పైనే ఉంది. మూడు వారాల కిందట వెళ్లి చూశాను, పొడిగా ఉంది. మీకు కలిగిన కష్టంలో నా వంతు కూడా ఉంది. పెట్టిన రోజు అడవి అంచు నిరూపకాలు ఇచ్చానే తప్ప కనుమ దగ్గర ఒక మధ్య గుర్తు ఇవ్వాలని తోచలేదు. వెళ్లేవాళ్లు బాట పట్టుకునే వస్తారని అనుకున్నాను. ఇవాళ పేజీలో కనుమ నిరూపకాలు చేర్చాను. "బాణం వెంట నేరుగా ఎక్కవద్దు, బాట వదలవద్దు" అని మొదటి వరుసలోనే రాశాను.

రాతిపువ్వు గారూ, మీ మాట రెండు సార్లు చదివాను. పెట్టె పెట్టే ముందు అటవీ అధికారుల అనుమతి తీసుకున్నాను. లైకెన్ గురించి అప్పుడు నాకు తెలియదు, వాళ్లూ చెప్పలేదు. పెట్టెను బాట పక్కకు దించడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆ వెన్ను చివర నిలబడి చూడాలనే అక్కడ పెట్టాను. కానీ వెతుకులాటను తగ్గించగలను. డిఫికల్టీ 2 నుంచి 1.5కు దించి, సూచన స్పష్టంగా రాస్తాను. ఏ రాయీ కదపనవసరం లేని చోటుకు జరుపుతాను. ఊరికే నిలబడి చూస్తే చాలు, కనిపించాలి. గోడ మీద గద్దలు గూడు కట్టే నెలల్లో పేజీని తాత్కాలికంగా మూసేస్తాను. ఇది మీకు సమ్మతమేనా?

రాతిపువ్వు | మంగళవారం, రాత్రి 10:02

గూళ్ల నెలల్లో మూయడం నేను అడగకుండానే చెప్పారు. సంతోషం. రాళ్లు కదపనవసరం లేని చోటు ఉంటే నాకు అభ్యంతరం లేదు. జరిపేటప్పుడు రమ్మంటే నేనూ వస్తాను, లైకెన్ లేని బండ చూపిస్తాను.

రాతిమెట్టు | మంగళవారం, రాత్రి 10:06

తప్పకుండా రండి. గురువారం ఉదయం.

కాలిబాట | శనివారం, రాత్రి 8:44

ఇవాళ మళ్లీ వెళ్లాను. తీయలేదు, కానీ వేరే కారణంతో.

కనుమ దారిలో వెళ్తే ఎంత తేడా! గంటా ఇరవై నిమిషాలకు కనుమ మీద ఉన్నాను. అక్కడ గాలి తగిలాక వారం నుంచి మోస్తున్న బరువు దిగినట్టయింది. వెన్ను మీదకు తిరిగేసరికి పెట్టెకు 400 మీటర్లు. అప్పుడు పడమర ఆకాశం నల్లబడటం చూశాను. మెరుపు మెరిసింది. లెక్కపెట్టాను, ఇరవై రెండు దగ్గర ఉరుము వినిపించింది. ఇంకో పావుగంటలో పెట్టె చేతిలో ఉండేది. అక్కడే ఒక నిమిషం నిలబడి తటపటాయించి వెనక్కి తిరిగాను. కనుమ నుంచి ఇంకా కిందకు, చెట్లు గుంపుగా ఉన్న వాలులోకి దిగేటప్పటికి వడగళ్లు మొదలయ్యాయి. పైన వెన్ను మీద పిడుగు పడ్డ చప్పుడు విన్నాను.

నిదానం | శనివారం, రాత్రి 9:01

మీరు తిరిగి వచ్చిన వార్త చదివి ఊపిరి పీల్చుకున్నాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున, పిడుగు మీకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ముప్పై సెకన్ల లోపు వినిపిస్తే చాలు, తర్వాతి పిడుగు మీ నెత్తి మీదే పడవచ్చు. కొండ వెన్ను మీద అన్నిటికంటే ఎత్తుగా నిలబడేది మనిషే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ పైకి వెళ్లాలి. ఒంటరి చెట్టు కిందా, బండ గుహ నోటి దగ్గరా నిలబడకూడదు.

ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి ఇంకొన్ని చెప్పనివ్వండి. ఏ దారిన వెళ్లి ఎన్నింటికి వస్తారో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. వెనక్కి తిరిగే వేళ బయలుదేరే ముందే నిర్ణయించుకోండి, పెట్టె ఎంత దగ్గరగా ఉన్నా ఆ వేళకు తిరగండి. మెడలో ఈల ఉండాలి. నిమిషానికి ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు సార్లు ఊదితే కొండల్లో అది ఆపద సంకేతం. విన్నవాళ్లు మూడు సార్లు ఊది బదులిస్తారు. గొంతు అరగంటలో బొంగురుపోతుంది, ఈల పోదు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ వినేదే తప్ప పంపేది కాదు కాబట్టి అప్పుడూ పని చేస్తుంది. సిగ్నల్ లేని అడవిలో టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోవడం తప్పుతుంది. పటం ముందే దించుకోండి.

రాతి సందులోకి చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి, టార్చి వేసి చూడండి. పాము మనకంటే ముందు నుంచీ అక్కడే ఉంటోంది. చరియల కింద తేనెపట్టు కనిపిస్తే మాట కూడా తగ్గించి పక్కకు వెళ్లిపోండి.

ఎత్తురేఖ | శనివారం, రాత్రి 9:20

పిడుగుల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పదే పదే పిడుగు పడ్డ శిఖరాల మీద, ముఖ్యంగా బసాల్టు వంటి రాయి ఉన్న చోట, రాయికే అయస్కాంత గుణం వస్తుంది. అలాంటి బండ మీద దిక్సూచి ఉంచితే ముల్లు పక్కకు తిరుగుతుంది. అనుమానం వస్తే నాలుగడుగులు పక్కకు వేసి మళ్లీ చూసుకోండి.

పాతసంచి | శనివారం, రాత్రి 9:47

తమ్ముడూ, నాలుగు వందల మీటర్ల దూరం నుంచి వెనక్కి వచ్చావు చూడు, నీ నలభై మూడు పెట్టెలూ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

కొత్తఅడుగు | ఆదివారం, ఉదయం 8:15

ఈ చర్చ చదివి నేనూ అటు వెళ్దామనుకుంటున్నాను. నిరూపకాలు వేరే యాప్‌లో ఎక్కిస్తే అర కిలోమీటరు అవతల చూపిస్తోంది. ఎందుకని?

ఉపగ్రహం24 | ఆదివారం, ఉదయం 8:40

పేజీలో ఉండేవి డిగ్రీలు, దశాంశ నిమిషాలు. ఉదాహరణకు 30.450 అంటే 30 నిమిషాలూ, ఇంకో నిమిషంలో వెయ్యింట 450 వంతులూ, అంటే 27 సెకన్లు. మీరు దాన్ని 30 నిమిషాల 45 సెకన్లుగా ఎక్కించి ఉంటారు. తేడా 18 సెకన్లు. అక్షాంశంలో ఒక సెకను దాదాపు 31 మీటర్లు కాబట్టి 550 మీటర్లకు పైగా తప్పు. యాప్ అమరికలో డేటమ్ (నిరూపకాలను లెక్కగట్టే భూమి నమూనా) డబ్ల్యూజీఎస్84 అని ఉందో లేదో కూడా చూడండి. వేరేది ఉంటే వందల మీటర్లు తేడా రావచ్చు.

కొత్తఅడుగు | ఆదివారం, ఉదయం 8:52

అదే జరిగింది. ఇప్పుడు చరియ మీదే పడుతోంది. కృతజ్ఞతలు.

కాలిబాట | తర్వాతి శనివారం, రాత్రి 7:58

దొరికింది.

ఎక్కడ, ఎలా అన్నది రాయను. వెళ్లేవాళ్ల ఆనందం వాళ్లకే ఉండాలి. మిగతాది రాస్తాను.

తెల్లవారకముందే బయలుదేరాను. వెనక్కి తిరిగే వేళ పదకొండు అని ఇంట్లో రాసి పెట్టాను. కనుమ దగ్గర ఫోను జేబులో పెట్టి పటం, దిక్సూచి పట్టుకున్నాను. వెన్ను మీద నడక నేను ఊహించిన దానికంటే ఇరుకు. కొన్ని చోట్ల రెండడుగుల వెడల్పు బండ, ఒక పక్క చెట్ల తలలు, ఇంకో పక్క గాలి. ఒక్కో చోట కూర్చుని దిగాను. రెండు కాళ్లూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ, ఎప్పుడూ మూడు ఆనుకుని ఉండేలా చూసుకున్నాను. రాతిపువ్వు గారు చెప్పిన పసుపు మచ్చలు ఇన్నాళ్లూ నేను చూసి కూడా చూడలేదు. ఇవాళ వాటి మీద కాలు పడకుండా నడవడానికే సగం ధ్యాస పోయింది.

చివర్లో సూచన చదివాను. ఇంగ్లీషు అక్షరాలను పదమూడేసి స్థానాలు జరిపి రాసిన సూచనను కాగితం మీద ఒక్కో అక్షరం విప్పాను. రాతిమెట్టు గారు కొత్తగా రాసిన దాని కింద పాత సూచననూ ఉంచారు. అది మూడే మాటలు: "గోడ కింద కాదు."

ఆ మూడు మాటలు మొదటి రోజు నుంచీ నా ఫోనులోనే ఉన్నాయి. కొండ మీద సూచన చదవకూడదన్న నియమాన్ని అక్కడే వదిలేశాను.

పెట్టె కనిపించినప్పుడు వెంటనే తెరవలేదు. చరియ అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి కూర్చుని కిందకు చూశాను. నేను గంటన్నర వెతికిన చోటు తుప్పల మధ్య చిన్న మచ్చలా కనిపించింది. అక్కడి నుంచి వచ్చేది ఒకే చప్పుడు, గాలికి ఆకులు కదలడం. ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు.

మూత రబ్బరు గట్టిగా ఉంది, లోపల చుక్క తడి లేదు. పెన్ను రాయలేదు, పెన్సిలు తీసుకెళ్లడం మంచిదయింది. పెట్టె తీసినవాళ్లు పేర్లు రాసే పుస్తకంలో నా కంటే ముందు పేరు రాతిపువ్వు గారిది. లోపల ఒక ట్రావెల్ బగ్, అంటే ఆడేవాళ్లు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు చేరవేసే బిళ్ల, ఉంది. శిఖరాల నుంచి శిఖరాలకు వెళ్లాలన్నది దాని కోరికట. తీసుకున్నాను, ఇంకో కొండ మీద పెట్టేదాకా నా దగ్గర ఉంటుంది. దాని చోట ఒక ఈల పెట్టాను.

దిగేటప్పుడు దారి తప్పించి గోడ అడుగుకు వెళ్లి, మొదటి రోజు కదిపిన రాళ్లను సరిచేద్దామనుకున్నాను. మళ్లీ ఆ తుప్పలు తొక్కాలి కాబట్టి మానుకున్నాను. రాతిపువ్వు గారూ, మానుకోవడమే సరైనదా?

రాతిపువ్వు | తర్వాతి శనివారం, రాత్రి 8:20

సరైనదే. ఒక వాన పడితే చాలు, వాటి కింద కొత్త కాపురాలు మొదలవుతాయి. వదిలేయండి.

పాతసంచి | తర్వాతి శనివారం, రాత్రి 8:31

నలభై నాలుగు! మనసు నిండింది తమ్ముడూ.

రాతిమెట్టు | తర్వాతి శనివారం, రాత్రి 8:50

మీ నమోదు చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఒక్క సంగతి చెప్పండి, పుస్తకంలో ఇంకా ఎన్ని ఖాళీ పేజీలు ఉన్నాయి?

కాలిబాట | తర్వాతి శనివారం, రాత్రి 8:57

లెక్కపెట్టాను. ఆరు.

పాతసంచి | తర్వాతి శనివారం, రాత్రి 9:03

వచ్చే వారం నేను ఎక్కుతున్నాను. కొత్త పుస్తకం తీసుకెళ్తాను. కొలత చెప్పండి.

రాతిమెట్టు | తర్వాతి శనివారం, రాత్రి 9:05

అరచేయంత. గీతలు లేనిది అయితే మేలు, కొందరు బొమ్మలు వేస్తారు. పాతది పారేయకుండా కిందికి తెచ్చి నాకు ఇవ్వండి.